చెమ్మ లేని గోడకి చెమ్మ మచ్చ: ఒక హాలు రెండర్ డైరీ

1వ రోజు

హాలు 3డీ మోడల్ కంప్యూటర్‌లో పూర్తయింది. ప్లాన్ ప్రకారం 6 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, 2.8 మీటర్ల ఎత్తు. ఒక పక్క బాల్కనీలోకి తెరుచుకునే పెద్ద గాజు తలుపు, ఇంకో పక్క చిన్న కిటికీ. పైన అంచుల చుట్టూ కోవ్ లైటు (గాడిలో దాచిన లైటు పట్టీ) పెట్టిన ఫాల్స్ సీలింగ్, మధ్యలో వేలాడే దీపం. పని బ్లెండర్ అనే 3డీ సాఫ్ట్‌వేర్‌లో, రెండర్ (మోడల్‌ని ఫోటోలాంటి బొమ్మగా మార్చడం) దానిలోని సైకిల్స్ అనే రెండరర్‌తో. బయటి వెలుతురు కోసం ఆకాశం ఉన్న హెచ్‌డీఆర్‌ఐ బొమ్మ (వెలుగు తీవ్రతని కూడా దాచుకున్న ఫోటో) ఒకటి, దానితో పాటు సూర్యుడి బదులు ఒక సన్ లైటు పెట్టాను.

మొదటి రెండర్ తీసి ఇంటీరియర్ డిజైనర్ గారికి పంపాను. ఆవిడ అడిగిన మొదటి మాట: "ఏమండీ, కిటికీ పక్క గోడకి చెమ్మ వచ్చినట్టు ఉందేంటి? ఇంటివాళ్ళు చూస్తే కంగారు పడతారు."

నిజంగానే అలా ఉంది. కిటికీ మూల నుంచి కింది దాకా త్రికోణంలా ఒక నల్లని మరక. అది ఒక్కటే కాదు. గోడ, పైకప్పు కలిసే చోట దారంలా సన్నని తెల్లటి గీత. బయట ఎండ కాస్తున్నా లోపల సాయంత్రం ఆరు గంటల చీకటి. దీపం కింద టేబుల్ నీడ బ్లేడుతో కోసినంత పదునుగా ఉంది. దీపం షేడ్ మీద వెలుగు, నీడ కలిసే చోట రంపపు పళ్ళు. నేల పలకల మధ్య గాడులు లోపలికి ఉండాల్సింది పోయి పైకి ఉబ్బినట్టు కనిపిస్తున్నాయి. అక్కడక్కడా తెల్లటి చుక్కలు.

ఇవన్నీ ఒక కాగితం మీద రాసి గోడకి అతికించాను. ఒక్కసారే పది సెట్టింగులు మార్చి చూడాలనిపించింది. అలా చేస్తే ఏది దేనివల్ల బాగైందో ఎప్పటికీ తెలియదు. ఒక్కో తప్పునూ విడిగా పట్టుకోవాలి.

2వ రోజు

ముందు పరీక్షించే పద్ధతి ఒకటి సిద్ధం చేసుకున్నాను. వ్యూ లేయర్‌లో మెటీరియల్ ఓవర్‌రైడ్ పెట్టి మొత్తం సీన్‌కి ఒకే బూడిద రంగు ఇచ్చాను. రంగులు, మెరుపులు, టెక్స్చర్లు పక్కకి పోతే మిగిలేది ఆకారం, వెలుతురు మాత్రమే. దీనిలో ఒక చిక్కుంది. కిటికీ గాజుకి కూడా బూడిద రంగు వచ్చేస్తుంది, గది మూసిన పెట్టెలా చీకటైపోతుంది. అందుకని గాజులన్నీ దాచేశాను. కోవ్ లైటు పట్టీ వెలుగు కూడా మెటీరియల్ నుంచే వస్తుంది కాబట్టి అదీ ఆరిపోయింది. ఈ దశలో దాని అవసరం లేదు.

రిజల్యూషన్ పావు వంతు, శాంపిల్స్ (బొమ్మలో ఒక్కో చుక్కకి పంపే కిరణాలు) 64, డీనాయిజర్ (శాంపిల్స్ తక్కువైతే బొమ్మలో పడే గింజల్ని తుడిచేది) ఆఫ్. ఈ మూడోది ముఖ్యం. డీనాయిజర్ గింజల్ని తుడిచేటప్పుడు మనం వెతుకుతున్న ఆధారాల్ని కూడా తుడిచేస్తుంది. తప్పు వెతికేటప్పుడు బొమ్మ గింజగింజలుగా ఉండటమే మంచిది.

పక్కనే ఇంకో ఫైల్‌లో చిన్న పెట్టె కట్టాను: ఒక గోడ ఎరుపు, ఎదురు గోడ ఆకుపచ్చ, మిగతావి తెలుపు, పైన ఒక చదరపు లైటు, లోపల రెండు దిమ్మెలు. దీన్ని కార్నెల్ బాక్స్ అంటారు. కార్నెల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 1984లో తీసుకొచ్చారు. తరవాత అలాంటి పెట్టెని నిజంగా తయారు చేసి, కంప్యూటర్ గీసిన బొమ్మని అసలు పెట్టెతో పోల్చి చూశారు. నాకు ఇది థర్మామీటర్ లాంటిది. ఏదైనా సెట్టింగ్ మీద అనుమానం వస్తే ఆ పెట్టెలో పెట్టి చూస్తాను. పెట్టెలో బాగుండి హాలులో బాగోలేదంటే తప్పు హాలు మోడల్‌లోనే ఉన్నట్టు. నా పెట్టెలో అన్నీ శుభ్రంగా వచ్చాయి. కాబట్టి రెండర్ సెట్టింగుల్ని వదిలేసి హాలు మీద పడ్డాను.

మొదట తెల్ల గీత. సన్ లైటు, దీపాలు అన్నీ ఆపేశాను. హెచ్‌డీఆర్‌ఐ తీసేసి ఆకాశానికి ముదురు ఎరుపు పెట్టాను. తలుపుకీ కిటికీకీ అడ్డంగా నల్లటి పలకలు నిలబెట్టి ఎక్స్‌పోజర్‌ని 5 పెంచాను. ఎక్స్‌పోజర్ ఒక్కో అంకె పెరిగితే వెలుగు రెట్టింపు అవుతుంది, అంటే 5కి 32 రెట్లు. గది పూర్తిగా మూసి ఉంటే నల్లగా రావాలి. కానీ పైకప్పు అంచు పొడవునా ఎర్రటి గీత మెరిసింది. గోడ అడుగున ఉండే స్కర్టింగ్ పట్టీ వెనక ఇంకోటి. ఫాల్స్ సీలింగ్ మూలలో మూడో కంత, దాన్ని మామూలు రెండర్‌లో నేను గమనించనే లేదు.

దగ్గరికి వెళ్ళి చూస్తే గోడకీ పైకప్పుకీ మధ్య వెంట్రుక మందం సందు. క్యాడ్ డ్రాయింగ్ గీతల మీద నుంచి గోడల్ని పైకి లేపినప్పుడు ఒక గోడ కొంచెం పొట్టిగా ఆగిపోయింది. పైగా నా గోడలన్నీ కాగితం లాంటి ఒంటి పొర పలకలే. సైకిల్స్‌లో ఒంటి పొర అయినా సరిగ్గా అతుక్కుని ఉంటే వెలుతురు కారదు, ఎందుకంటే అది ఒక్కో కిరణాన్నీ విడిగా లెక్కగడుతుంది. కానీ అక్కడక్కడా మాత్రమే లెక్కగట్టి మధ్యలో సర్దే పద్ధతులున్నాయి: గేమ్ ఇంజిన్ల లైట్‌మ్యాపులు, ఈవీ (బ్లెండర్‌లోని ఇంకో రెండరర్)లోని లైట్ ప్రోబులు, ఇర్రేడియన్స్ మ్యాపులు. వాటిలో గోడ పలచగా ఉంటే బయటి వెలుగు లెక్క లోపలికి కలిసిపోయి మూలల్లో మరకలు పడతాయి. ఏ పద్ధతిలో చేసినా గోడకి మందం ఉండాల్సిందే. అసలు ఇంట్లో మందం లేని గోడ ఎక్కడుంది?

పలకకి మందం ఇచ్చే సాలిడిఫై మోడిఫయర్‌తో 0.2 మీటర్ల మందం బయటి వైపుకి ఇచ్చాను. పైకప్పునీ నేలనీ గోడల బయటి అంచు కూడా దాటేలా చాపాను. ఇంట్లో శ్లాబు గోడ మీద ఎక్కి కూర్చుంటుంది, మోడల్‌లో కూడా అలాగే కూర్చోవాలి. అంచుకి అంచు తాకిస్తే చాలదు.

ఒక గోడ మాత్రం బయటికి కాకుండా లోపలికి పెరిగి స్కర్టింగ్‌ని మింగేసింది. ఫేస్ ఓరియెంటేషన్ ఓవర్‌లే పెట్టి చూస్తే ఆ గోడ నార్మల్ (ముఖం ఎటు చూస్తోందో చెప్పే దిశ) తిరగబడి ఉంది. ముఖం నీలంగా కనిపించాల్సిన చోట ఎర్రగా ఉంది. తిప్పేశాను. మళ్ళీ ఎర్ర ఆకాశం పరీక్ష: ఈసారి గది చీకటిగా, శుభ్రంగా ఉంది. కాగితం మీద మొదటి గీత కొట్టేశాను.

ఒక్కటే మనసులో ఉండిపోయింది. 0.2 మీటర్లు ఇచ్చినా కిటికీ దగ్గర గోడ మందం అట్టముక్కలా పలచగా కనిపిస్తోంది. లెన్స్ వల్ల అనుకుని వదిలేశాను.

3వ రోజు

ఇవాళ మొత్తం చెమ్మ మరక మీదే గడిచింది.

మొదట దాన్ని నీడే అనుకున్నాను. కిటికీ చౌకట్టు నీడో, బయటి సన్‌షేడ్ నీడో అని ఒక్కొక్కటీ దాచి చూశాను. మరక కదల్లేదు. అప్పుడు సన్ లైటుని 40 డిగ్రీలు తిప్పాను. నేల మీద ఎండ పక్కకి జరిగింది, తలుపు నీడ జరిగింది, మరక మాత్రం అంతే ఉంది. సన్ ఆపేసి దీపం ఒక్కటే వెలిగించినా అదే చోట, అదే త్రికోణం.

వెలుగు జరిగినా జరగనిది నీడ కాదు. ఈ ఒక్క పరీక్ష నిన్ననే చేసి ఉంటే సగం రోజు మిగిలేది. అది వస్తువుకి అతుక్కుని ఉన్న మరక, అంటే తప్పు ఉపరితలంలో ఉంది.

ఎడిట్ మోడ్‌లోకి వెళ్ళి గోడ గీతలు చూశాను. కిటికీ కంతని బూలియన్‌తో, అంటే ఒక ఆకారంలోంచి ఇంకోదాన్ని తీసేసే పద్ధతితో కోశాను కాబట్టి దాని మూలల నుంచి గోడ మూలలకి పొడవాటి సన్నని త్రికోణాలు పరుచుకున్నాయి. ఆ గోడకి ఎప్పుడో షేడ్ స్మూత్ కూడా నొక్కి ఉన్నాను. స్మూత్ అంటే ఆ ఉపరితలం గుండ్రంగా ఉన్నట్టు రెండరర్‌కి చెప్పడం. అప్పుడది ప్రతి మూల దగ్గర పక్క ముఖాల దిశల్ని కలిపి సగటు తీస్తుంది. కిటికీ మూల బిందువుని గోడ ముఖమూ పంచుకుంటుంది, కంత లోపలి ముఖమూ పంచుకుంటుంది. రెండూ 90 డిగ్రీల తేడాలో ఉన్నాయి. సగటు తీస్తే ఆ బిందువు దగ్గర గోడ పక్కకి వాలినట్టు లెక్క వస్తుంది. ఆ వాలు త్రికోణం పొడవునా మెల్లగా తగ్గుతూ పోతుంది. మనకి కనిపించిన చెమ్మ అదే. చదును గోడని వంపు గోడ అని చెప్పాం, అది వంపు గోడలాగే షేడ్ చేసింది.

గోడకి షేడ్ ఫ్లాట్ ఇచ్చాను. మరక మాయం. అంచులు కొంచెం గుండ్రంగా కావాల్సిన తలుపు చౌకట్టు, టేబుల్ లాంటి వాటికి 30 డిగ్రీల లోపు మాత్రమే స్మూత్ అయ్యేలా పెట్టి, బెవెల్ చేసిన (అంచు చెక్కిన) చోట వెయిటెడ్ నార్మల్ మోడిఫయర్ వేశాను. అది పెద్ద ముఖాల దిశకి ఎక్కువ విలువ ఇస్తుంది కాబట్టి చదును భాగం చదునుగానే ఉంటుంది.

డిజైనర్ గారికి ఆ మూల ఒక్కటే రెండర్ చేసి పంపాను. "అమ్మయ్య, గోడ ఆరిపోయింది" అని జవాబు.

4వ రోజు

చీకటి సంగతి. ఓవర్‌రైడ్ తీసేసి గాజుల్ని వెనక్కి తెచ్చాను. వెంటనే గది చీకటైంది. గాజులు దాస్తే వెలుగు, పెడితే చీకటి. దొంగ దొరికినట్టే.

సైకిల్స్ ఒక చోట వెలుగు ఎంతో తెలుసుకోవడానికి అక్కడి నుంచి లైటు వైపు ఒక కిరణం పంపుతుంది. దాన్ని షాడో రే అంటారు. దారిలో ఏదైనా అడ్డొస్తే ఆ లైటు ఇక్కడికి రాదని తేల్చేస్తుంది. గాజు షేడర్ (ఉపరితలం వెలుగుతో ఎలా ప్రవర్తించాలో చెప్పేది) వెలుగుని వంచుతుంది కాబట్టి షాడో రే తిన్నగా దాటలేదు, గాజు దాని లెక్కలో అడ్డుగోడే. ఇక మిగిలేది, గది లోపల తిరిగే కిరణం ఏదో ఒకటి యాదృచ్ఛికంగా గాజుని దాటి బయటి ఆకాశాన్నో సూర్యుడినో తాకడం. ఆకాశం పెద్దది కాబట్టి కొంత దొరుకుతుంది. సూర్యుడు చిన్న చుక్క, వేలల్లో ఒక కిరణం తగిలితే తెల్లటి చుక్క పడుతుంది. మొదటి రోజు చూసిన చుక్కల్లో కొన్ని ఇవేనని ఇప్పుడు అర్థమైంది.

పరిష్కారం రెండు రకాలు. లైట్ పాత్ నోడ్‌లోని ఈజ్ షాడో రే తీసుకుని, షాడో రేకి మాత్రం గాజు పారదర్శకంగా ఉండేలా ట్రాన్స్‌పరెంట్ షేడర్‌తో కలపడం ఒకటి. గాజు వస్తువుకి రే విజిబిలిటీలో షాడో తీసేయడం రెండోది. నేను మొదటిదే వాడాను, ఎందుకంటే గాజుకి కొద్దిగా లేత రంగు ఇస్తే వెలుతురు కూడా ఆ మేరకు తగ్గేలా చేసుకోవచ్చు. తలుపు, కిటికీ కంతల్లో ఏరియా లైటు పెట్టి పోర్టల్ టిక్ చేశాను. పోర్టల్ తనంతట తాను వెలుగు ఇవ్వదు. ఆకాశం వెలుగు ఈ కంత గుండా వస్తుంది, ఇటే వెతుకు అని రెండరర్‌కి దారి చూపిస్తుంది. గింజలు బాగా తగ్గాయి.

గదిలోకి వెలుతురు వచ్చింది. కానీ లోపలి మూల, సోఫా వెనక భాగం ఇంకా దిగులుగానే ఉన్నాయి. ఇది బౌన్సుల లెక్క, అంటే వెలుగు ఎన్నిసార్లు తగిలి ఎగరాలన్న హద్దు. సైకిల్స్‌లో డిఫ్యూజ్ బౌన్సులు (మెరుపు లేని ఉపరితలాల మీది ఎగురుళ్ళు) మామూలుగా 4 ఉంటాయి. వెలుగు గోడల మధ్య ఎన్నిసార్లు ఎగిరినా ప్రతి ఎగురుడూ కలవాలన్నదే జేమ్స్ కజియా 1986లో రాసిన రెండరింగ్ సమీకరణం చెప్పేది. మనం 4 దగ్గర ఆపేస్తే మిగతాది పోతుంది. ఎంత పోతుందో కాగితం మీద వేసి చూశాను. గది అంతా వెలుగులో 80 శాతం తిప్పి కొట్టే తెల్ల సున్నం లాంటిదైతే, 4 బౌన్సుల దగ్గర ఆపినప్పుడు మొత్తం వెలుగులో దాదాపు 67 శాతమే వస్తుంది. 8 దగ్గర ఆపితే 87 శాతం. అదే గది సగటున 50 శాతం తిప్పి కొట్టే ముదురు రంగుదైతే 4 బౌన్సులకే 97 శాతం వచ్చేస్తుంది. లేత రంగుల గదికే బౌన్సులు ఎక్కువ కావాలి. ఈ హాలు గోడలు తెల్లవి. డిఫ్యూజ్ 8 చేశాను, మొత్తం బౌన్సులు 12 అలాగే ఉంచాను.

గోడ రంగు కూడా దిద్దాను. నేను స్వచ్ఛమైన తెలుపు, అంటే విలువ 1.0 పెట్టాను. అలాంటి రంగు లోకంలో ఉండదు. అది పడ్డ వెలుగునంతా తిప్పి కొడుతుంది, వెలుగు ఎప్పటికీ చావదు, మూలల్లో నీడ నిలవదు, గోడలన్నీ పాలిపోయి కనిపిస్తాయి. 0.8కి తగ్గించాను. గోడ ఇంకా తెల్లగానే ఉంది, పైగా మూలలకి లోతు వచ్చింది.

5వ రోజు

ఎక్కువ పని జరగలేదు. టీవీ గోడ కింద నల్లగా, ముక్కలు ముక్కలుగా ఒక మచ్చ కనిపించింది. కెమెరా కదిపితే మచ్చ ఆకారం మారుతోంది. ఒకే చోట రెండు పలకలు ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చుంటే ఇలా వస్తుంది. ఏది ముందుందో రెండరర్ తేల్చుకోలేదు. ప్యానెల్‌ని కాపీ చేసి, జరపకుండా మర్చిపోయిన ముక్క అది. తీసేశాను.

6వ రోజు

బ్లేడు నీడ. ఈ డైరీలో నాకు ముఖ్యమైన రోజు ఇదే.

దీపంలో పాయింట్ లైటు వ్యాసార్థం 3 సెంటీమీటర్లు పెట్టాను, మామూలు బల్బు అంత. టేబుల్ దీపానికి మీటరు కింద, నేల ఇంకాస్త కింద. నీడ అంచు ఎంత మసకగా ఉండాలో తేలిగ్గానే లెక్క వేయవచ్చు: బల్బు వెడల్పుని, టేబుల్ నుంచి నేలకున్న దూరంతో గుణించి, బల్బు నుంచి టేబుల్‌కున్న దూరంతో భాగించాలి. రెండు దూరాలూ మీటరు చొప్పున అనుకుంటే మసక అంచు 6 సెంటీమీటర్లు రావాలి. నా బొమ్మలో అర సెంటీమీటరు కూడా ఉన్నట్టు లేదు.

ఇంకో సంగతి గమనించాను. తలుపులోంచి పడ్డ ఎండ నీడ మాత్రం సరిగ్గానే ఉంది. సూర్యుడు మనకి అర డిగ్రీ కన్నా కొంచెం ఎక్కువ వెడల్పుగా కనిపిస్తాడు. బ్లెండర్‌లో సన్ కోణం 0.526 డిగ్రీలు. చౌకట్టు అంచు నుంచి 3 మీటర్ల దూరంలో పడే నీడకి మసక అంచు 2.8 సెంటీమీటర్ల దాకా రావాలి, తలుపు వెడల్పుతో పోల్చి చూస్తే అలాగే వచ్చింది. ఎండ నీడ ఒప్పు, బల్బు నీడ తప్పు. రెండింటికీ తేడా ఏంటి? సన్‌ని కోణంతో చెబుతాం. బల్బుని కొలతతో చెబుతాం. గది ఎంత పెద్దదైనా కోణం అదే. కొలత అలా కాదు.

వెంటనే తలుపు ఎత్తు కొలిచాను. 21 మీటర్లు.

డ్రాయింగ్ మిల్లీమీటర్లలో ఉంది. దిగుమతి చేసినప్పుడు 0.001తో తగ్గించాల్సింది 0.01తో తగ్గించాను. హాలు 28 మీటర్ల ఎత్తున్న విమానాల షెడ్డులా ఉంది. కెమెరా, సోఫా, టేబుల్ అన్నీ కంటి అంచనాతో దానికి తగ్గట్టు పెద్దవి చేసుకుంటూ పోయాను కాబట్టి నిష్పత్తి సరిపోయింది, అనుమానం రాలేదు. టేబుల్ దీపానికి 10 మీటర్ల కింద, నేల ఇంకో 10 మీటర్ల కింద ఉంటే ఆ 6 సెంటీమీటర్ల మసక అంత పెద్ద గదిలో 6 మిల్లీమీటర్లలాగే కనిపిస్తుంది. గోడ మందం అట్టముక్కలా ఎందుకుందో కూడా తేలిపోయింది. నేనిచ్చిన 20 సెంటీమీటర్లు ఆ గదికి 2 సెంటీమీటర్లతో సమానం.

అన్నిటినీ ఒకే కేంద్రం నుంచి 0.1కి తగ్గించి, స్కేల్ అప్లై చేశాను. సాలిడిఫై ఇప్పుడు నిజంగా 20 సెంటీమీటర్లు అయింది, కిటికీకి గోడ మందం వచ్చింది. రెండర్ పెడితే గది మొత్తం తెల్లగా కాలిపోయింది. అదీ న్యాయమే. వెలుగు దూరం వర్గం ప్రకారం తగ్గుతుంది. పది రెట్లు దూరానికి వంద రెట్లు తగ్గుతుంది కాబట్టి, మొదటి రోజు దీపం చాలక వాట్లు దాదాపు వంద రెట్లు పెంచి ఉన్నాను. వాటిని కిందికి దించాను. ఈ వాట్లు కరెంటు బల్బు డబ్బా మీద రాసే వాట్లు కావని కూడా గుర్తుంచుకోవాలి. బ్లెండర్ అడిగేది వెలుగుగా బయటికొచ్చే శక్తిని మాత్రమే. డబ్బా మీది అంకె ఇక్కడ కొడితే గది మండిపోతుంది.

టేబుల్ నీడ ఇప్పుడు అంచుల్లో మెత్తగా కరుగుతోంది. చాలాసేపు అలా చూస్తూ కూర్చున్నాను.

కాగితం పైభాగాన పెద్దక్షరాలతో "ముందు తలుపు కొలవాలి" అని రాసుకున్నాను.

8వ రోజు

నిన్న వేరే పని.

దీపం షేడ్ మీద రంపపు పళ్ళు. షేడ్ 16 పలకల గొట్టం, స్మూత్ చేసి ఉంది. ఇక్కడ స్మూత్ సరైనదే, షేడ్ గుండ్రంగానే ఉండాలి. కానీ వెలుగు అంచుకి వచ్చేసరికి రెండు లెక్కలు కొట్లాడతాయి: షేడింగ్ అది గుండ్రమంటుంది, షాడో రేలు మాత్రం అసలు పలకల్నే ఢీకొంటాయి. అందుకే వెలుగు ముగిసే గీత పలక పలకకీ మెట్టులా దిగుతుంది. ఆబ్జెక్ట్ సెట్టింగుల్లో షాడో టెర్మినేటర్ ఆఫ్‌సెట్ పెంచితే దాగుతుంది. నేను మాత్రం పలకల్ని 64 చేశాను. కెమెరాకి ఇంత దగ్గరగా ఉన్న వస్తువుకి ఆకారమే బాగుండాలి.

నేల గాడులు రెండు తప్పుల కలయిక. నార్మల్ మ్యాప్ (ఎగుడుదిగుడుల్ని దిశలుగా రాసిన) బొమ్మకి కలర్ స్పేస్ ఎస్‌ఆర్‌జీబీ (మామూలు ఫోటోల రంగు పద్ధతి) అని ఉంది. ఆ బొమ్మలో ఉండేవి రంగులు కావు, దిశల అంకెలు. చదును అని చెప్పే 0.5 అంకెని ఎస్‌ఆర్‌జీబీ అనుకుని చదివితే 0.21 అవుతుంది. అంటే ఎక్కడా గాడి లేని పలక కూడా ఒక పక్కకి వాలినట్టు లెక్క. నేల మొత్తం ఒక వైపు నుంచి మబ్బు పట్టినట్టు ఉండటానికి కారణం అదే. నాన్-కలర్ చేశాను. ఆ తరవాత కూడా గాడులు ఉబ్బెత్తుగానే ఉన్నాయి. డైరెక్ట్‌ఎక్స్ పద్ధతిలో చేసిన మ్యాపులో ఆకుపచ్చ ఛానెల్ తిరగబడి ఉంటుంది, బ్లెండర్ ఓపెన్‌జీఎల్ పద్ధతి వాడుతుంది. ఆకుపచ్చని తిప్పాను. ఎండ ఎడమ నుంచి వస్తున్నప్పుడు గాడిలో నీడ ఎడమ అంచు వైపు, వెలుగు కుడి అంచు మీద ఉండాలి. ఇప్పుడు అలాగే ఉంది.

9వ రోజు

మిగిలిన తెల్ల చుక్కలు. ఎక్కువగా క్రోమ్ కాళ్ళ టేబుల్ చుట్టూ ఉన్నాయి. ఎండ క్రోమ్ మీద పడి నేల మీదికి ఎగిరే దారులివి, రెండరర్‌కి అరుదుగా దొరుకుతాయి, దొరికినప్పుడు మితిమీరిన వెలుగుతో దొరుకుతాయి. ఆ దారుల్ని లెక్కగట్టే రిఫ్లెక్టివ్ కాస్టిక్స్ ఆపేశాను. ఎగిరి వచ్చే వెలుగుకి పై హద్దు పెట్టే క్లాంప్ ఇండైరెక్ట్‌ని 10 నుంచి 5కి దించి చూస్తే చుక్కలు పోయాయి, గది కూడా కొంచెం మసకబారింది. మళ్ళీ 10 చేశాను. క్లాంప్ చుక్కల్ని కోస్తుంది, వాటితో పాటు నిజమైన వెలుగునీ కోస్తుంది.

డీనాయిజర్ ఇవాళే ఆన్ చేశాను, ఇంటెల్ వాళ్ళ ఓపెన్ ఇమేజ్ డీనాయిజ్. 64 శాంపిల్స్‌కి పెడితే సోఫా కింద నీడ మేఘంలా అలుక్కుపోయింది, స్కర్టింగ్ కింది సన్నని నీడ గీత పోయింది. శాంపిల్స్ నాలుగు రెట్లు చేస్తే గింజ సగం అవుతుంది, ఇది ఎక్కడైనా ఒకటే లెక్క. 256కి బాగుంది. 1024కి స్కర్టింగ్ గీత తిరిగి వచ్చింది. చివరి రెండర్‌కి 1024 ఖాయం.

కోవ్ లైటు పైకప్పు మీద కాలిన పట్టీలా పడుతోంది. అది రెండర్ తప్పు కాదు, డిజైన్‌లోనే ఉంది. పట్టీకీ పైకప్పుకీ మధ్య ఖాళీ మరీ తక్కువ. కడితే నిజం హాలులో కూడా అలాగే కనిపిస్తుంది. డిజైనర్ గారికి ఫోన్ చేసి చెప్పాను. ఖాళీ పెంచి, పట్టీని కొంచెం లోపలికి జరుపుదామన్నారు. సైట్‌లో పని మొదలవక ముందే ఇది బయటపడటం నాకు సంతోషంగా ఉంది.

10వ రోజు

నీడలు బలంగా ఉండాలని నేను మొదట్లో మూలల్ని నల్లబరిచే ఆంబియెంట్ అక్లూజన్ పాస్‌ని బొమ్మ మీద గుణించి ఉన్నాను. మూలలన్నీ మసి పూసినట్టు ఉన్నాయి. ఇవాళ సాయంత్రం లైటు వేయకుండా మా గది మూలని చూస్తూ కూర్చున్నాను. నిజం మూలలో అంత నలుపు లేదు. ఒక గోడ ఇంకో గోడకి వెలుగు ఇచ్చుకుంటుంది, మూల కొంచెం మెత్తగా మసకబారుతుంది, అంతే. సైకిల్స్ ఆ మసకని ముందే లెక్కగట్టింది, దాని మీద నేను రెండోసారి నలుపు పూశాను. ఆ పాస్ తీసేశాను.

వ్యూ ట్రాన్స్‌ఫార్మ్ (లెక్కగట్టిన వెలుగుని తెర మీది రంగులుగా మార్చే పద్ధతి) స్టాండర్డ్‌లో ఉంది, పాత ఫైల్ నుంచి వచ్చింది. అందుకే నేల మీది ఎండ వివరం లేని తెల్ల కాగితంలా ఉంది. ఏజీఎక్స్‌కి మార్చాను, బ్లెండర్ 4.0 నుంచి అదే డిఫాల్ట్. ఎండలో కూడా పలకల గీతలు కనిపిస్తున్నాయి.

ఇక రాత్రి పొద్దుపోయాక కొత్త అనుమానం. పైకప్పు మీద, దీపం పక్కగా, గుండ్రని మసక మచ్చ. దీపం ఆపి ఉంది, సన్ మాత్రమే వెలుగుతోంది. ఎండ కిందికి కదా పడేది, పైకప్పు మీద నీడ ఎక్కడిది? మళ్ళీ స్మూత్ తప్పేమో అనుకున్నాను.

మూడో రోజు పరీక్షే చేశాను. సన్‌ని తిప్పాను. నేల మీద ఎండ ఎడమకి జరిగితే మచ్చ కుడికి జరిగింది. జరిగింది కాబట్టి నీడే. తరవాత నేలకి తాత్కాలికంగా నల్ల రంగు ఇచ్చాను. మచ్చ మాయమైంది. నేల రంగు వెనక్కి ఇస్తే మచ్చ తిరిగి వచ్చింది. నేల మీద పడ్డ ఎండ ముక్కే ఒక పెద్ద లైటులా పైకి వెలుగుతోంది, దీపం షేడ్ దానికి అడ్డంగా వేలాడుతోంది.

11వ రోజు

1024 శాంపిల్స్‌తో పూర్తి రెండర్ పెట్టి పొద్దున పంపాను. డిజైనర్ గారు పైకప్పు మచ్చనే పట్టుకున్నారు. "అన్నీ బాగున్నాయి కానీ, పైన ఆ మసక ఏంటండీ? తుడిచేద్దామా?"

కింది నుంచి వచ్చే వెలుగు గురించి చెప్పి, మీ గదిలో ఎండ పడ్డ చోట పైన వేలాడేది ఏదైనా ఉంటే పైకప్పు చూడండి అన్నాను. మధ్యాహ్నం ఒక ఫోటో పంపారు. ఆవిడ గదిలో దీపానికి పైన, అలాంటిదే, పలచగా, గుండ్రంగా.

దాని కింద రాశారు: "ఇన్నేళ్ళూ చూడనే లేదండీ. ఉంచేయండి."

ఉంచేశాను. రేపటి నుంచి ఇదే హాలు రాత్రి వెర్షన్, సన్ ఆపేసి. ముందు తలుపు కొలిచాను: 2.1 మీటర్లు.